బాబుకి దొరబాబు అని పేరు పెట్టాలా వద్దా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది, మొత్తం వేస్తే చోటు చాలదు, అందుకే కుదించి చెప్తున్నా. రాసినాయన పేరు వద్దన్నారు. వయసు 34, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు జగిత్యాల దగ్గర ఒక పల్లె. భార్యది కోనసీమ. ప్రేమ పెళ్ళే గానీ పెద్ద గొడవల్లేకుండా అయిపోయింది, భాష మీద ఏవో చిన్న చిన్న జోకులు తప్పితే రెండు ఇళ్ళూ బాగానే కలిసిపోయాయి. ఇప్పుడు బాబు పుట్టాడు, గొడవ మొదలైంది.

భార్యని చిన్నప్పుడు పెంచింది వాళ్ళ అమ్మమ్మ తాతయ్యలు. ఆ తాతగారు పోయినేడాది పోయారు. రికార్డుల్లో సత్యనారాయణ దొరబాబు, ఊళ్ళో అందరికీ ఒట్టి దొరబాబు గారు. పోయేముందు "మగపిల్లాడు పుడితే నా పేరు పెట్టమ్మా" అన్నారట, ఈవిడ సరే తాతయ్యా అంది. ఒకరోజు పొద్దున రాసినాయన వాళ్ళమ్మ పిల్లాణ్ని కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే, పక్కన కూర్చున్న ఆయన అత్తగారు మాటల్లో మాటగా పేరు సంగతి చెప్పింది. వాళ్ళమ్మ చెయ్యి ఆగిపోయింది. "గా పేరా?" అని ఒక్క మాట అని, పిల్లాడికి స్నానం చేయించి, తుడిచి, పడుకోబెట్టి, అప్పుడు అంది: "పేరు మీ ఇష్టం, పెట్టుకోండ్రి. గని నన్ను వాణ్ని పిల్వమనకుండ్రి. సచ్చేదాంక దొరా దొరా అనుడేనా నేను?"

అత్తగారికి అది తన తండ్రిని తిట్టినట్టే వినపడింది. "మా నాన్నగారి పేరు నోటితో అనడానిక్కూడా పనికిరానిదయిందా" అని ఏడుపు. భార్య మాట్లాడ్డం తగ్గించేసింది. రాసినాయన మధ్యలో దూరి వాళ్ళమ్మతో "అది ఒట్టి మాటే అమ్మా, ఆ దొరలు ఇప్పుడెక్కడున్నరు" అన్నారు. ఆవిడ మర్నాడే బస్సెక్కి ఊరికెళ్ళిపోయింది, ఫోన్ చేస్తే "మంచిగున్న బిడ్డా" అని పెట్టేస్తోందట. ఆవిడ చిన్నప్పుడు తల్లితో పాటు గడీకి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటికి, వెళ్ళి వాకిలి ఊడ్చి సాన్పు చల్లేదని, అంతకుమించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదని కూడా రాశారు. 21వ రోజు ఎలాగూ దాటిపోయింది, మూడో నెలలో బారసాల పెట్టుకుందామని వాయిదా వేశారు. ఆయన అడిగింది ఇది: "దొర అనే మాటకి అసలు అర్థం ఏంటి, ఎక్కడ పుట్టింది? అది మొదట్లో మంచి మాటే అయితే రాసివ్వండి, అమ్మకి చదివి వినిపిస్తా. కాకపోతే మా ఆవిడకి చెప్తా."

ముందు మాట గురించి చెప్తా, అడిగారు కాబట్టి. కానీ చదివి వినిపించడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే నా గొడవంతా దానితోనే.

దొర అచ్చంగా మన మాటే. మనం దర్పం చూపించడానికి వాడే మాటలు చాలావరకు బయట్నుంచి వచ్చినవి, హోదా ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట, అక్కడ దానర్థం ఒప్పుకున్న బాధ్యత, దర్జా కూడా అరబ్బీదే, మెట్టు అని అర్థం, ఇక స్టేటస్ సంగతి చెప్పక్కర్లేదు. దొర మాత్రం ఇక్కడిదే, పక్కిళ్ళలో కూడా ఉంది. కన్నడంలో దొరె అంటే రాజు. తమిళంలో దురై అంటారు, నీలగిరి, శ్రీలంక టీ తోటల్లో మేనేజర్‌ని పెరియ దురై అని, కింది ఆయన్ని చిన్న దురై అని కూలీలు పిలిచేవాళ్ళు. తెలుగు నిఘంటువులు తిప్పితే ప్రభువు, యజమాని, నాయకుడు, ఈ వరసలోనే అర్థాలుంటాయి. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చేసిన బ్రౌన్‌ని మనవాళ్ళు బ్రౌన్ దొర అనే అన్నారు. కంపెనీ వాళ్ళొచ్చాక తెల్లవాడైతే చాలు దొర అయిపోయాడు, చివరికి దొరతనం వారు అంటే గవర్నమెంటు అని అర్థం స్థిరపడింది, పాత పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంతవరకు చూస్తే మంచి మాటే కదా అనిపిస్తుంది. కానీ ఒకటి గమనించండి, "నేను దొరని" అని మామూలుగా ఎవరూ చెప్పుకోరు, ఎవరైనా అంటే వెటకారానికే అంటారు. ఇది ఎప్పుడూ కింద నిలబడ్డవాళ్ళు పైకి చూసి పిలిచే మాట. రాజైనా, జమీందారైనా, కలెక్టరైనా, తెల్లవాడైనా, పిలిచేవాడు మారడు, పిలిపించుకునేవాడే మారుతుంటాడు. అందుకే ఈ మాట అర్థం నిఘంటువులో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఎవరు ఎవర్ని ఎలా నిలబడి పిలిచారు అన్నదాంట్లో ఉంటుంది, ఆ సగమే మీ ఇంట్లో రెండు ముక్కలై కూర్చుంది.

మీ ఆవిడ వైపు చూడండి. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852కి పూర్తయింది, కట్టించిన ఆర్థర్ కాటన్‌ని అక్కడ కాటన్ దొర అనే అంటారు, డెల్టాలో ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నారు, అంతకుముందు కరువులతో చచ్చిన నేల అది. ఆ పైన మన్యంలోకి వెళ్తే కొండదొరలు అని ఒక గిరిజన తెగే ఉంది. 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గంటం దొర, మల్లు దొర, వీళ్ళు పోరాడింది మళ్ళీ తెల్లదొరల మీదే! ఇన్నిరకాల మనుషుల మీద వాడి వాడి అక్కడ మాట పదును అరిగిపోయింది. పల్లంలో అది మనుషుల పేరైపోయింది, దొరబాబు, దొరయ్య, పేరు విని ఆయనకి ఎన్నెకరాలు అని ఎవరూ లెక్కెయ్యరు. ఒళ్ళో పిల్లాణ్ని "మా దొరే" అని ముద్దుచేస్తారు, పదిమందికి పెట్టేవాణ్ని "దొరలాంటి మనిషి" అంటారు. మీ ఆవిడకి ఆ మాట వినగానే గుర్తొచ్చేది తాతయ్య భుజం, అంతే. (అక్కడా జమీందార్లుండేవాళ్ళు, వాళ్ళ చేలల్లో వంగినవాళ్ళని అడిగితే ఇంత తియ్యగా చెప్పకపోవచ్చు, అది వేరే కథ.)

ఇప్పుడు మీ అమ్మ వైపు. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు, వాళ్ళ గడీలు, వాటి చుట్టూ వెట్టి. ఒక్కో కులం గడీకి ఉత్తపుణ్యానికి ఏ పని చెయ్యాలో తరతరాలుగా రాసిపెట్టినట్టుండేది, చాకలి బట్టలకి, కుమ్మరి కుండలకి, మిగతావాళ్ళు ఊడవడానికి, మోయడానికి, కబురు తీసుకుని పరిగెత్తడానికి. గడీ ముందు నుంచి వెళ్తే చెప్పులు చేతిలోకి రావాల్సిందే. దొర అనే మాట అక్కడ ఒంటరిగా వచ్చేది కాదు, "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అని ఒకే ఊపిరిలో వచ్చేది, బాంచ అంటే దాసి. 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటం నడిచింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1976లో వెట్టిచాకిరీని చట్టం చేసి మరీ తీసేశారు. తీసేస్తే పోయిందా అంటే, 1978లో జగిత్యాలలో రైతుకూలీలు వేల మంది జైత్రయాత్ర అని ఊరేగాల్సి వచ్చింది దేనికి? ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

మీ అమ్మ వయసు మీరు రాయలేదు, మీ వయసుని బట్టి అరవైకి అటూ ఇటూ అనుకుంటున్నా. అంటే 1978కి ఆవిడ చీపురు పట్టుకునే వయసు పిల్ల. అది ఆవిడ చదువుకున్న చరిత్ర కాదు తమ్ముడూ, వాకిట్లో వంగి ఊడుస్తూ గొంతు తగ్గించి పలికిన మాట. ఆ మాటని ఇప్పుడు మనవణ్ని ఎత్తుకుని, నవ్వు మొహంతో, రోజుకి యాభైసార్లు అనమంటున్నారు. ఆవిడ "పెట్టొద్దు" అనలేదు చూశారా, ఉత్తరంలో మీరే రాశారు, "పెట్టుకోండ్రి, నన్ను పిల్వమనకుండ్రి" అంది. తన నోటి మీద హక్కు ఒక్కటి అడిగింది, అంతకంటే ఏమీ అడగలేదు.

ఇందుకే ఈ సమాధానం ఆవిడకి చదివి వినిపించొద్దంటున్నా. మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని దెబ్బ తగ్గుతుందనుకోవడం చదువుకున్నవాళ్ళకుండే భ్రమ. సాని అనే మాట ఉంది, స్వామిని నుంచి వచ్చింది, ఒకప్పుడు గొప్పింటి ఆడవాళ్ళ పేర్ల చివర గౌరవంగా పెట్టేవాళ్ళు, దొరసానిలో ఇంకా ఆ గౌరవం అలాగే ఉంది, కానీ దొర తీసేసి ఉత్త సాని అంటే ఏమైపోయిందో మీకు తెలుసు. పుట్టుక గొప్పదని చెప్పి ఆ మాటతో ఎవర్నైనా పిలవగలమా? ఇదీ అంతే. కన్నడంలో రాజు అని అర్థమంటమ్మా అని మీరు చెప్తే, ఆవిడకి వినపడేది "నీకేం తెల్వదు" అని మాత్రమే. ఆ పని మీరు ఇప్పటికే ఒకసారి చేసేశారు, "అది ఒట్టి మాటే" అన్నారు చూడండి, నాకైతే ఆవిడ బస్సెక్కింది పేరు వల్ల అనిపించట్లేదు, ఆ ముక్క వల్లే. అందుకని ముందు ఊరెళ్ళండి. ఫోన్‌లో కాదు, వెళ్ళండి. వెళ్ళి పేరు సంగతి ఎత్తకండి. "నేను అట్ల అనకుండా ఉండాల్సుండె అమ్మా" అని, గడీలో ఏం జరిగేదో అడగండి, చెప్తే వినండి, చెప్పకపోతే ఊరుకోండి. చెప్పనిది బయటికి లాగడం కూడా మంచిది కాదు.

మీ ఆవిడతో మాట్లాడాల్సింది వేరే. "మీ అమ్మ మా తాతని తిట్టింది" అని ఆవిడ నమ్ముతోంది. మీ అమ్మ ఆ పెద్దాయన్ని చూసిందో లేదో కూడా మీరు రాయలేదు, ఆవిడ మాటల్లో ఆయన ప్రస్తావనే లేదు. పోయి ఏడాది కాని మనిషి, పెంచిన చెయ్యి, ఇచ్చిన మాట, ఇవన్నీ పచ్చిగా ఉన్నప్పుడు పేరు వద్దంటే మనిషినే వద్దన్నట్టు తగులుతుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. అయితే గడీ, వెట్టి, చెప్పులు చేతిలో పట్టుకోడం, ఇవి కోనసీమలో పుట్టి పెరిగిన అమ్మాయికి సినిమాల్లో తప్ప తెలిసే దారి లేదు కదా. మీరు చెప్పారా ఎప్పుడైనా? ఉత్తరం చూస్తే మీకే సగం తెలియదనిపిస్తోంది. ఆ ఊడ్చిన వాకిలి సంగతి మీ ఆవిడకి చెప్పండి, వాదన కింద కాకుండా మీ ఇంటి కథ కింద చెప్పండి. అలాగే తాతగారి కథ మీ అమ్మకి చేరాలి, అది మీరు చెప్పడం కంటే మీ ఆవిడ చెప్తేనే బావుంటుంది.

ఇక పేరు. దారులు చాలానే ఉన్నాయి, ప్రతిదానికీ ఏదో ఒక మూల్యం ఉంది.

దొరబాబు అనే పెట్టేస్తే మీ ఆవిడ మాట నిలబడుతుంది, అత్తగారు సంతోషిస్తారు. మీ అమ్మ ఏ చిన్నోడా అనో, బంగారమనో పిలుచుకుంటుంది, మన ఇళ్ళల్లో పిలుపు పేరొకటి, బడి పేరొకటి ఉండడం కొత్తేం కాదు. కానీ ఆవిడ అనకపోయినా చెవులకి తలుపులుండవు కదా, అదే ఇంట్లో మిగతా అందరూ రోజంతా ఆ పేరే పిలుస్తుంటే ఆవిడ మీ ఇంటికి రావడం మెల్లగా తగ్గిస్తుంది, ఎందుకు తగ్గిందో ఎవరూ పైకి అనరు. ఇంకోటుంది, వాణ్ని తీసుకుని మీ ఊరెళ్ళినప్పుడు "మనవని పేరేంది?" అని అడుగుతారు, చెప్పాల్సింది ఆవిడే. పైగా వాడు పెరిగేది హైదరాబాద్‌లో, బడిలో పిల్లలు ఊరుకుంటారా, "ఏం దొరా" అనకుండా ఒక్కరోజు గడవదు.

ఎవరో ఒకరు మీకు ఈ సలహా ఇస్తారు, ఇప్పటికే ఇచ్చి ఉంటారేమో: గడీ ఊడ్చినామె మనవడే దొరబాబు అయితే అంతకంటే గెలుపేముంది, గర్వంగా పెట్టండి అని. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. కానీ ఆ మాట మీ అమ్మ నోట్లోంచి వస్తేనే దానికి విలువ. "నా మనుమడే దొర, ఏమాయె?" అని ఆవిడ నవ్వుతూ అంటే పండగ చేసుకోండి. మీరు ఆవిడకి నేర్పించబోతే మాత్రం అది బలవంతమే, ఇంకో రకం వెట్టి.

మూడోది, నాకు మనసున్నది. తాతగారి పేరులో సత్యనారాయణ కూడా ఉందని మీరే రాశారు. ఆయన అడిగింది "నా పేరు" అని, "దొరబాబు" అని కాదు. సత్య అనో, సత్యనారాయణ అనో పెడితే ఆయన పేరు పెట్టినట్టే, మీ అమ్మ హాయిగా పిలుస్తుంది. చిక్కేంటంటే ఊళ్ళో ఆయన్ని ఎవరూ సత్యనారాయణ అని పిలవలేదు, మీ ఆవిడకి అది కాగితం మీది పేరే, "ఇది మా తాతయ్య కాదు" అనిపించొచ్చు. అందుకే ఈ ఐడియా మీరు చెప్పొద్దు. ముందు రెండు కథలూ రెండువైపులా చేరనివ్వండి, ఆ తర్వాత మీ ఆవిడకే తడితే సరే, తట్టకపోతే అప్పుడు మెల్లగా అడగండి. మీ అమ్మ తరఫు లాయరులా కాదు, మీకే నచ్చిన పేరు అడిగినట్టు అడగండి.

రికార్డుల్లో సత్యనారాయణ దొరబాబు అని తాతగారిది ఉన్నదున్నట్టు పెట్టేసి ఇంట్లో సత్య అని పిలవడం ఇంకో దారి. ఇందులో అందరికీ కొంచెం కొంచెం దక్కుతుంది, కొంచెం కొంచెం గుచ్చుకుంటుంది. అత్తగారు వచ్చినప్పుడల్లా దొరబాబు అనే పిలుస్తారు, ఖాయం. దానికి మీ అమ్మ ఒప్పుకుంటుందా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి, ఒప్పుకుంటుందిలే అని మీరే అనేసుకోకూడదు. అప్లికేషన్లలో పేరు పట్టక జీవితాంతం తిప్పలు పడతాడు వాడు, అది వేరే. అసలు ఇద్దరిదీ కాని కొత్త పేరు, అంటే ఆ రెండక్షరాల మోడర్న్ పేర్లలో ఒకటి పెట్టెయ్యడం కూడా ఉంది, నాకది నచ్చదు. గొడవ ఆగుతుంది గానీ మీ ఆవిడ మాట పోతుంది, మీ అమ్మకేమో నా వల్లే పోయింది అన్న నింద మిగుల్తుంది.

ఏది చేసినా మీ ఆవిడా మీరూ కలిసి తేల్చుకుని, మీ అమ్మకి మీరు, అత్తగారికి మీ ఆవిడ చెప్పండి. "మా అమ్మ వద్దంది కాబట్టి" అనే ముక్క మీ అత్తగారి దగ్గర ఎవరి నోటా రాకూడదు, వచ్చిందా, ఇంక ఆ ఇద్దరు పెద్దాళ్ళూ ఏ ఫంక్షన్‌లోనూ పక్కపక్కన కూర్చోరు.

బారసాల తేదీ చూసి మీరు కంగారు పడుతున్నట్టున్నారు, అంత తొందరేం లేదు. పుట్టుక రిజిస్టర్ చేయించడానికే 21 రోజుల గడువు, అది ఆసుపత్రి వాళ్ళు పంపారో లేదో ఒకసారి కనుక్కోండి. పేరు లేకుండా కూడా రిజిస్టర్ అవుతుంది. 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు, ఆ తర్వాత కూడా లేట్ ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా ఎక్కించుకోవచ్చు. ఒకసారి ఎక్కించాక మార్చాలంటే మాత్రం అఫిడవిట్లు, గెజిట్లు అని తిప్పిస్తారు, కాబట్టి బియ్యంలో ఏ పేరు రాసినా సరే, ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చేదాకా సర్టిఫికెట్‌లో ఆ గడి ఖాళీగా ఉండనివ్వండి.